పిన్ని పెట్టని సంతకం

మా పిన్ని రోజూ ఆఫీసుకి బయలుదేరేటప్పుడు, లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే మధ్యలో గొడుగు అడ్డం పెడుతుంది. తలుపులు వెనక్కి జరిగాకే ఎక్కుతుంది. వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కుంటారు. "మీ వేలు ఇరుక్కున్నప్పుడు నన్నే తలుచుకుంటారులే" అంటుంది.

ఆవిడ ఉద్యోగమూ అలాంటిదే. ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు ఎక్కించే పంపుల కంపెనీలో, యంత్రం లోపలి ప్రోగ్రాము ఎవరి ప్రాణం మీదికైనా తెస్తుందేమో చూడటం. ఓ ఏడాది కంపెనీ కొత్త ప్రోగ్రామింగ్ భాషకి మారింది. అది ఈ పనికి తగినదేనని పిన్ని సంతకం చెయ్యాలి. సంతకం పడకముందే గోడల నిండా పోస్టర్లు వెలిశాయి: 'పుట్టుకతోనే సేఫ్!'

భాష మంచిదే. లెక్క ఎక్కడ తేడా కొట్టినా తప్పుడు జవాబు ఇవ్వకుండా ప్రోగ్రామును ఆపేస్తుంది. కానీ మందు ఎక్కుతుండగా పంపు ఆగిపోతే? ఆ చిక్కుకి టీము ఒక తెలివైన ఉపాయం కనిపెట్టింది. ఆగిన మరుక్షణం ప్రోగ్రాము దానంతటదే మొదటినుంచి మొదలయ్యేలా రాసేశారు. పిన్ని మందుకి బదులు నీళ్లు పోసి, గొట్టం చివర గ్లాసు పెట్టి, కావాలని ఒక తప్పుడు లెక్క ఇచ్చి చూసింది. పంపు ఆగింది. మళ్లీ లేచింది. మొదట్లో ఒక్కసారే ఇవ్వాల్సిన పెద్ద మోతాదుని, అప్పటికే ఇచ్చేసినా, ఏమీ ఎరగనట్టు, ఇంకోసారి గ్లాసులోకి వదిలింది. పిన్ని సంతకం పెట్టకుండా, చూసిందంతా రాసి పైకి పంపింది.

ఆవిడ పై అధికారిని అందరూ 'అయిపోయినట్టే సారు' అంటారు. ఏ పని గురించి అడిగినా ఆయన జవాబు అదే.

"అమ్మా, మిమ్మల్ని అడిగింది భాష గురించి. పంపు గురించి కాదు" అన్నాడాయన.

"తప్పు జరిగిందని భాష అరుస్తూనే ఉంది సార్. మనమే దాని నోరు నొక్కేసి మళ్లీ మందు పోస్తున్నాం."

"ఎప్పుడో ఒకసారి జరిగేదానికి..."

"ఆ ఒక్కసారీ మీ నాన్నగారికి పెడదామా?"

"మాటలు జాగ్రత్త! ఒక్క సంతకం చెయ్యండి, అయిపోయినట్టే."

పిన్ని చెయ్యలేదు. ఇంట్లో మా అమ్మ విసుక్కుంది. "గీకి పారేస్తే పోయేది కదే!"

"పోయేది రోగి అక్కా."

చివరికి, రోజూ పిన్ని పక్కనే కూర్చుని భోంచేసే స్నేహితురాలు పిన్నికి బదులు సంతకం చేసింది.

"నేను రాసింది చదివావా?" అని అడిగింది పిన్ని.

"చదివితే చెయ్యగలనా అక్కా?" అని నవ్విందా అమ్మాయి.

అధికారి దబాయింపు కన్నా ఆ నవ్వుకే పిన్నికి ఎక్కువ రోత పుట్టింది. ఆ బల్ల దగ్గర భోంచెయ్యడం మానేసింది. పంపులకి అనుమతులిచ్చే కార్యాలయానికి తనే వెళ్లి, చూసిందంతా చెప్పింది. వాళ్లూ గ్లాసు పెట్టి చూశారు. పంపుని తిప్పి పంపేశారు.

పోస్టర్లు మాత్రం గోడల మీదే ఉన్నాయి. తప్పు పట్టుకున్నది తన విభాగమేనని అయిపోయినట్టే సారు మీటింగు పెట్టి మరీ చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇప్పుడు పిన్ని అదే కంపెనీలో కింది అంతస్తులో, పంపులతోపాటు ఇచ్చే చిన్న పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుతోంది.