స్తంభం లేని ఫోటో

కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియో మేడ మీద, సెలవు రోజుల్లో మేం కొందరం కూడేవాళ్లం. స్టూడియో యజమానికి తప్ప ఎవరికీ ఫోటోలు బతుకుదెరువు కాదు. పెళ్లి ఫోటోలు తీసి తీసి విసిగిన ఆయనకు, మాలాంటి పిచ్చివాళ్లు తెచ్చే చెట్లూ చెరువులూ చూస్తే ప్రాణం లేచి వచ్చేది. ఆ గదికో కట్టుబాటు ఉంది. ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాత లోపం చెప్పాలి, లోపం చెప్పినవాళ్లే కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని దిద్ది చూపాలి. ఊరికే నోరు పారేసుకుంటే కుదరదు.

బడిలో పిల్లల నోటుబుక్కులు దిద్దేదాన్ని కదా, ఇతరుల ఫోటోలు చూస్తే నాకు చేతులు దురద పెట్టేవి. వచ్చినప్పుడల్లా మానేరు డ్యాం మీద సూర్యాస్తమయం తెచ్చే రిటైరైన లెక్చరర్‌ను ఒకసారి అడిగేశాను.

"రంగు మంచిగున్నది సార్. కని సూర్యుడు రోజూ మునుగుతడు. గిండ్ల మీరు చూసిందేంది?"

ఆయన నొచ్చుకోలేదు. మరుసటిసారి అదే కట్ట మీద వల బాగుచేసుకుంటున్న మనిషి ఫోటో తెచ్చారు. నన్ను చూసి కళ్లెగరేశారు.

నా ఫోటో సంగతి వేరు. మందమర్రి దగ్గరున్న మా ఊరు ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. బొగ్గు కోసం తవ్విన పైమట్టినంతా మా ఇళ్లున్న చోట పోశారు. అది పెరిగి పెరిగి గుట్టయింది, వానలకు దాని మీద గడ్డీ తుమ్మలూ మొలిచాయి. అంచున ఒక కరెంటు స్తంభం మాత్రం, సగం దాకా మట్టిలో కూరుకుపోయి మిగిలింది. అది మా ఇంటి ముందరిది. అవ్వ ఎంత మొత్తుకున్నా వినకుండా బాపు దానికే బర్రెను కట్టేసేవాడు. బాపును ఒంటరిని చేసి అవ్వ పోయింది. బాపు ఇప్పుడు మందమర్రిలో నా దగ్గరే ఉంటాడు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేడు.

"ఇల్లు ఏడుండెనో ఎరుకయ్యేటట్టు ఒక్క ఫోటో తియ్యి బిడ్డా," అని ఒకటే పోరు.

తీశాను, మిట్టమధ్యాహ్నం. బాపు అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. "అంత తెల్లగనే ఉన్నది. స్తంభమేది?" అన్నాడు. వేలు పెట్టి చూపినా ఆయనకు ఆనలేదు. అందుకే ఆ ఫోటోను కరీంనగర్ పట్టుకుపోయాను.

తెర మీద పడగానే "ఎంత మంచి గుట్ట!" అన్నారు అందరూ. నేను నోరు తెరిచేలోపే స్టూడియో యజమాని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"గుట్ట సూపర్ వచ్చింది మేడం. గా స్తంభమొక్కటే కండ్లల్ల గుచ్చుతున్నది. జర ఆగుండ్రి."

మౌస్ అటూ ఇటూ కదిలింది. స్తంభం పోయి, దాని చోట గడ్డి వచ్చింది. చప్పట్లు కొట్టారు.

"గది మా ఇంటి ముంగటి స్తంభం అన్నా. గది గుట్ట కాదు, మా ఊరి మీద పోసిన మట్టి," అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

ఆయన స్తంభాన్ని తిరిగి తెచ్చి పెట్టాడు. బాపు కళ్లకు అది ఆనలేదని, ఎలా తీస్తే కనిపిస్తుందో చెప్పమని అడిగాను. లెక్చరర్ గారే చెప్పారు.

"తెల్లారంగ పోమ్మా. ఎండ పక్కకెళ్లి పడితే నీడ పొడుగ్గ సాగుతది. దగ్గరికి పోయి తియ్యి. మీ బాపుకు తప్పక ఆనుతది."

అంతకన్నా మంచి సలహా నాకెవరూ ఇవ్వలేదు. ఇప్పటికీ అదే అంటాను.

బడిలో పరీక్షలయ్యాక గానీ వెళ్లడం కుదరలేదు. తెల్లవారేసరికి అక్కడున్నాను. ఎండ ఆయన చెప్పినట్టే పక్కనుంచి పడుతోంది. స్తంభం లేదు. టిప్పర్లు దాని మీద ఇంకో వరస మట్టి పోసి పోయాయి. ఎక్కడ నిలబడితే మా ఇంటి ముందు నిలబడ్డట్టో కూడా తెలియక అటూ ఇటూ తిరిగాను. ఇక చేసేదేమీ లేదు. అంత దూరం వచ్చినందుకు, ఎండ వృథా పోనివ్వడమెందుకని, ఒక ఫోటో తీశాను.

గదిలో ఈసారి ఎవరూ లోపం చెప్పలేదు. స్తంభం ఏమైందని కూడా ఎవరూ అడగలేదు. యజమాని దాన్ని పెద్దగా ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు. వద్దనలేకపోయాను.

బాపుకు చూపొద్దనే అనుకున్నాను. బీరువా వెనక పెట్టి బడికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఎలా పట్టుకున్నాడో, ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మస్తున్నది బిడ్డా. అంత సాఫ్ కనవడుతున్నది. గీ గుట్ట ఏ ఊరిది?"

"మనూరిదే బాపూ."

బాపు నవ్వాడు, ఊరు ఎరగని పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మనూర్ల గుట్ట యాడిది బిడ్డా?"