రుద్రవరం మార్తమ్మ చీటీ

దయ్యాల కథలు చెప్పేవాణ్ణే గాని నమ్మేవాణ్ణి కాను. నంద్యాలలో మా వీధి పిల్లలు భయపడే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ఏ దయ్యానికి ఏ రంగు చీర కట్టించానో తెలిసినవాడికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది మాత్రం నేను పుట్టించింది కాదు. పుట్టించి ఉంటే ఇంకాస్త బాగా పుట్టించేవాణ్ణి.

డెబ్బైల చివర్లో నేను మిషన్ బడిలో అయ్యవారిని. ఏటా చలికాలంలో విదేశాల నుంచి ఒక క్రైస్తవ వైద్య బృందం వచ్చి ఆళ్లగడ్డ బడిలో కంటి శిబిరం పెట్టేది. వాళ్ళకు సాయంగా మా సంఘం నుంచి పది మందిమి వ్యానులో వెళ్ళేవాళ్ళం. కొందరు బెంచీలు మోసేవాళ్ళు, కొందరు గంజి కాచేవాళ్ళు. ఇంగ్లీషు వచ్చు గనక నాకు రెండు పనులు. వరుసలో కూర్చున్నవాళ్ళ నుదుటి మీద నంబరు రాసిన ప్లాస్టరు ముక్క అతికించడం, ఆ తర్వాత డాక్టరుగారి మాట తెలుగులో చెప్పడం.

చెప్పడమంటే ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి కాదు. ఆయన పొగాకు మానమంటే, పొగాకు నమిలితే వేసిన మందు కంట్లోంచి పారిపోతుందని చెప్పేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు, మానేస్తామనేవాళ్ళు.

ఒక ఏడు రుద్రవరం నుంచి మార్తమ్మ అనే ముసలావిడను కొడుకు ఏసేపు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రెండు కళ్ళూ కనబడవు. "కోడలికి నెలలు నిండినాయప్పా. బిడ్డ మొగం చూస్తే చాలు నాకు" అంది.

డాక్టరుగారు చాలాసేపు లైటు వేసి చూశారు. లోపలి నరం చచ్చిపోయింది, ఇక చూపు రాదు, మెత్తగా చెప్పు అన్నారు.

నాకు నోరు రాలేదు. "వచ్చే ఏడు దొర ఓడలో కొత్త మందు తెస్తాడంట అవ్వా. అప్పుడు రా, నీ చోటు పట్టి పెడతా" అన్నాను. నమ్మకం కుదరాలని చీటీ మీద ఆమె పేరు రాసి సంతకం కూడా పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. ఏడవకుండా వెళ్ళిందని డాక్టరుగారు నా భుజం తట్టారు.

మరుసటి ఏడు అదే బడి, అవే బెంచీలు. పొద్దున పది గంటల ఎండ. పదహారు అతికించి పదిహేడుకు చెయ్యి చాపేసరికి, ఎదురుగా మార్తమ్మ.

"ఏం అయివారా, ఇంత బక్కోడివా నువ్వు! గొంతు విని లావుగా ఉంటావనుకున్యా" అని నవ్వింది. "జోబికి ఆ సిరా మరకేందీ? బడిపిల్లోల్లే నయం."

వ్యానులో వస్తూ పడ్డ మరక అది. గంట కూడా కాలేదు.

"అవ్వా, నీకు కనపడ్తాందా?"

"కనపడ్తాంది లేప్పా. బిడ్డకు ఎడం చెవి ఎనక నల్ల మచ్చ ఉంది చూడు, అది గూడా కనపడ్తాంది."

ప్లాస్టరు అతికించాను. ఆమె చర్మం చల్లగా ఉందా అని తర్వాత చాలామంది అడిగారు. గుర్తులేదు. నా అబద్ధం ఎలాగో నిజమైందన్న సంతోషంలో డాక్టరుగారికి చెబుదామని లోపలికి పరుగెత్తాను.

గుమ్మంలో ఏసేపు ఎదురయ్యాడు. చేతిలో నేనిచ్చిన చీటీ.

"మాయమ్మ వానలప్పుడే పోయింది అయివారా. 'పాపం ఆయప్ప నాకోసం చోటు పట్టి పెట్టుంటాడు, పోయి చీటీ ఇచ్చిరా, ఆ చోటు ఇంగొగరికి ఇయ్యమను' అనింది. అందుకే వచ్చినా."

వెనక్కి తిరిగి చూశాను. పదహారుకూ అవతలి మనిషికీ మధ్య బెంచీ ఖాళీగా ఉంది. "నీ పాటికి నువ్వే మాట్లాడుకుంటాంటివి, కత కడతాండావేమో అనుకున్యాం" అన్నాడు పదహారో నంబరాయన.

ఆ ఆదివారం నిజం ఒప్పుకుందామని రుద్రవరం వెళ్ళాను. ఏసేపు చివరిదాకా విని, "దొర మొగం చూసినప్పుడే నాకు తెలిసె. నేనూ చెప్పల్యా. పోయేదాకా బిడ్డ మొగం తడుముకుంటా, మందొస్తే చూస్తా లే అంటాండె" అన్నాడు.

బిడ్డను ఎత్తుకుని ఎడం చెవి మడిచి చూశాను. మచ్చ ఉంది. చేత్తో తడిమితే తగిలేది కాదు. అవ్వకు దాని సంగతి ఎవరూ చెప్పలేదని కోడలు అంది.

ఆ తర్వాత శిబిరాల్లో డాక్టరు మాట ఒక్కటి కూడా మార్చలేదు. నాలో సరదా తగ్గిపోయిందన్నారు మావాళ్ళు.

ఇది విన్నవాళ్ళు నవ్వుతారు, నా పేరు అలాంటిది. కానీ ఆ రోజు ఆమె కోరినట్టే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చాను. అందుకోసం పదిహేడు నంబరు మళ్ళీ రాయాల్సి వచ్చింది. బెంచీల కింద, బడి ఆవరణంతా వెతికాను. మొదటిసారి రాసిన ముక్క ఎక్కడికి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు.