పాతది ఏడ వెట్టినవ్?

కోరుట్లలో నేను కొత్తగా చేరిన, బ్యాంకు కంప్యూటర్ల పని చూసే ఆఫీసులో సీనియర్ సారుకు ఒక అలవాటు. ఎవరైనా ఎంటర్ నొక్కబోతే వెనక నిలబడి, "పాతది ఏడ వెట్టినవ్ బిడ్డా?" అనేవారు.

ఒకరోజు ఆయన లేనప్పుడు ఒక పట్టిక మార్చి ఎంటర్ నొక్కేశాను. బ్యాంకు పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్‌లో, చోటు చెప్పకుండా పంపిన ప్రోగ్రాములు ఏ లైబ్రరీలోకి, అంటే ఏ అరలోకి, పోవాలో చెప్పే పట్టిక అది. టెస్ట్ అని ఉండాల్సిన చాలా చోట్ల లైవ్ అని పెట్టాను. పరీక్షించని ప్రోగ్రాములు నడుస్తున్న బ్యాంకులోకి పోవడం మొదలైంది. పాత పట్టిక నేను దాచలేదు. ఏ వరుసలో ఏముండేదో గుర్తు లేదు.

సారు వచ్చి చూశారు. బీరువాలోంచి కాగితాల కట్ట తీశారు. పైనే పాత పట్టిక ప్రింటు, దాని మీద సారు చేతిరాతలో నా పేరు. అది చూసి పట్టికంతా తిరిగి నింపాను; అప్పటికే లోపలికి పోయిన ప్రోగ్రాములను సారు వెనక్కి తీశారు.

"నేను తప్పు చేస్తనని ముందే తెల్సా సార్?"

"కిందియి సుత చూడు."

కింద ఉన్న ప్రతి పాత పట్టిక మీదా ఆయన పేరే ఉంది.