సన్నాయి ఊదడం వల్లేనా?

ఆ ఆసుపత్రికి నేను ఇంతవరకూ నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ రిజిస్టరు పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డులు నాలుగూ వెనక్కి వచ్చాయి. సంతకం ప్రతిసారీ ఒకటే. అంటే అక్కడ ఉత్తరాలు తీసుకునే మనిషి ఉన్నాడు, ఉద్యోగం మారలేదు కూడా. వాటిని చదివే మనిషి ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ళు నా పేరు కొత్తగా అడిగేవారు. వాళ్ళకు నా పేరు గుర్తులేనప్పుడు వాళ్ళ పేరు నేనెందుకు మోయాలి?

మాది కళింగపట్నం దగ్గర ఊరు. మా ఇంట్లో మగవాళ్ళు గుడిలో సన్నాయి ఊదుతారు. డోలు వాయించేది మా ఆవిడ అన్న, అంటే నాకు బావ. బావ నా ఎడమ పక్కన కూర్చుని వాయించేటప్పుడు నా ముఖం చూడడు, వేళ్ళూ చూడడు. నా మెడ చూస్తాడు. ఊపిరి చివరికొచ్చేసరికి మెడ మీద ఒక నరం ఉబ్బుతుంది. అది ఉబ్బితే నేను ఆపబోతున్నానని అర్థం, తను ముక్తాయింపుకు సిద్ధం కావాలని అర్థం. ఇరవై ఏళ్ళు మా మేళం అలాగే నడిచింది. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత నా కుడి కాలు చెప్పు వదిలేయడం మొదలుపెట్టింది. నేను ముందుకు వెళ్ళేవాణ్ణి, చెప్పు వెనకే ఉండిపోయేది. కొన్నాళ్ళకు ఒకటి రెండుగా కనబడింది, ఎడమ చెయ్యి వేళ్ళు మొద్దుబారాయి. విశాఖపట్నంలో నరాల డాక్టరు స్కాన్ తీయించి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. మెదడులోనూ వెన్నులోనూ నరాల మీదుండే పొరను మన ఒంట్లోని రక్షణ బలగమే తినేస్తుందట. నయం కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలన్నాడు.

అదే రోజుల్లో చుట్టాలాయన ఒకడు ఫోన్‌లో వీడియో చూపించాడు. మెదడు నుంచి రక్తం కిందికి తెచ్చే మెడ సిరలు సన్నబడడం వల్లే ఈ జబ్బు వస్తుందట, బెలూన్ పెట్టి వాటిని వెడల్పు చేస్తే పోతుందట. వీడియోలో ఒకావిడ మెట్లెక్కింది. విశాఖపట్నం డాక్టరును అడిగితే, అది రుజువు కాలేదు, వెళ్ళొద్దు అన్నాడు. ఆయన చెప్పాడని ఒప్పుకుంటాను. కాని ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కంప్యూటర్ వైపు చూశాడు. నా వైపు చూసి చెప్పుంటే ఆగేవాణ్ణేమో.

బావా నేనూ ఆమదాలవలసలో రైలెక్కి వేరే రాష్ట్రం వెళ్ళాం. అక్కడి బెలూన్ డాక్టరు నా కాగితం వెనకే బొమ్మ గీసి, తొడ దగ్గర సన్నటి గొట్టం దూర్చి మెడదాకా తీసుకెళ్తామని చూపించాడు. నేను రెండు ప్రశ్నలు అడిగాను. ఆయనకూ మాకూ మధ్య మాట అందించడానికి తెలుగొచ్చిన నర్సు ఒకావిడ నిలబడింది.

మొదటి ప్రశ్న: వెడల్పు చేసింది మళ్ళీ సన్నబడుతుందా?

"చూద్దాం" అన్నాడు.

రెండోది: సన్నాయి ఊదొచ్చా?

సన్నాయి ఏమిటో ఆయనకు తెలియలేదు. బావ లేచి రెండు బుగ్గలూ పూరించి, కళ్ళు పెద్దవి చేసి చూపించాడు. డాక్టరు నవ్వాడు. నెల తర్వాత మీ ఇష్టం అన్నాడు. ఈ మాట నోటితో అన్నాడు, కాగితం మీద రాయలేదు. ఆ తేడా నాకప్పుడు తెలియదు.

బెలూన్ పెట్టాక మొదటి నెల బాగుంది. అబద్ధం చెప్పను. బావ భుజం పట్టుకోకుండా గుడి మెట్లెక్కాను. నెల దాటాక సన్నాయి తీశాను. మూడో నెలలో భోగాపురం దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాం. నేనింకా రాగం మధ్యలో ఉండగానే బావ ముక్తాయింపు కొట్టేశాడు. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. భోజనాల దగ్గర తగువు పెట్టుకున్నాం.

"ఏటి బావా, నీ నరం నన్ను మోసం సేసీసినాది" అన్నాడు.

"ఏటైనాది?"

"ఇదివరకు ఊపిరి అయిపోయినప్పుడు లేసేది. ఇప్పుడు నోట్లో పెట్టగానే తాడులాగ లేసీస్తన్నాది. అయిపోనాదనుకుని నాను కొట్టీసినాను. నువ్వేమో ఇంకా ఊదతన్నావు. పెళ్ళోళ్ళు నన్ను సూసినారు గాని నిన్ను సూడనేదు."

"నీకు తాళం తప్పితే నా మెడ మీద పెడతావేటి?"

"నీ మెడే గద నాకు తాళం!"

పక్కవాళ్ళు విన్నారు. పప్పు వడ్డించేవాడు కూడా ఆగి నా మెడ చూశాడు.

మరుసటి వారం కాలు మళ్ళీ ఈడ్చింది. స్కాన్ తీస్తే బెలూన్ పెట్టిన సిర మళ్ళీ సన్నబడింది. ఆమదాలవలస, రైలు, అదే వార్డు. ఈసారి ఒక చిన్న డాక్టరు నా ఫైలు తిరగేసి ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. రెండోసారి బెలూన్ పెట్టి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది: రోగి గాలి వాయిద్యం వాయిస్తాడు, సిర మళ్ళీ సన్నబడడానికి అదే కారణం కావచ్చు, ఇకపై వాయించరాదు. నా మేలు కోరి సంతకాలు పెట్టించుకున్న అన్ని పేజీల్లో ఎక్కడో ఇలా మళ్ళీ సన్నబడవచ్చన్న మాట ఉందేమో, ఇంగ్లీషులో ఉంటే ఉండొచ్చు. నోటితో చెప్పినవాడు లేడు. సన్నబడ్డాక మాత్రం కారణం దొరికింది. కారణం నేను.

సన్నాయి పెట్టెలో పెట్టాను. ఇంట్లోవాళ్ళు నమ్మారు. "మరి ఊదొద్దంటే ఇన్నావేటి? నీ సేతులారా సేసుకున్నావు" అని మా ఆవిడ అంది. ఊదొద్దని అప్పటికి ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడూ చెప్పాను, ఇప్పటికీ చెప్తూనే ఉన్నాను.

ఐదు నెలలు నేను సన్నాయిని నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. పొయ్యి కూడా ఊదలేదు. ఐదు నెలల తర్వాత స్కాన్ తీస్తే సిర మళ్ళీ సన్నబడింది, ఈసారి మొదటికన్నా ఎక్కువగా. మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్తే, మూడోసారి లోపల లోహపు జాలీ గొట్టం పెడతామన్నారు. దానిలో రక్తం గడ్డకడితే, అదీ మూసుకుపోతే ఏమిటని అడిగాను. "చూద్దాం" అన్నారు. నేను ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచే ఉత్తరాలు రాస్తున్నాను.

పదేళ్ళు దాటింది. గుడిలో ఇప్పుడు కరెంటు మిషన్ ఉంది. మీట నొక్కితే డోలూ గంటా అదే కొట్టుకుంటుంది. మీట నొక్కేది బావ. దానికి మెడ లేదు కాబట్టి బావకు చూడ్డానికేమీ లేదు. గోడవైపు తిరిగి నిలబడతాడు.

మొన్నామధ్య విశాఖపట్నంలో కొత్త నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈవిడ నా వైపే చూసి మాట్లాడింది. బెలూన్‌తో వెడల్పు చేసిన సిరలు చాలామందిలో మళ్ళీ సన్నబడ్డాయట, సిర గోడ సాగి తిరిగి మునుపటి చోటికే వచ్చేస్తుందట. అసలు తర్వాత పద్ధతిగా పరీక్షించి చూస్తే వెడల్పు చేసినా ఈ జబ్బుకు ఉపయోగం కనిపించలేదట. ఇంకో మాట కూడా చెప్పింది. బయటికి ఉబ్బి కనిపించే నరం వేరు, బెలూన్ పెట్టింది లోపలున్న వేరే సిరకు. లోపలిది ఇరుకైతే రక్తం బయటిదాని గుండా ఎక్కువగా వెళ్ళి ఉండొచ్చు, అంతే.

బయటికొచ్చాక బావ నన్ను ఆపి నా మెడ చూశాడు.

"ఇరవయ్యేళ్ళు నాను తప్పు నరం సూసినానేటి బావా?"

"సూసినావు."

"అయితే ఏటి? తాళం తప్పనేదు గదా."

నా కాళ్ళు ఇక బాగుపడవు. అది నాకు తెలుసు, దాని గురించి ఈ ఫిర్యాదు కాదు. వేళ్ళలో ఇంకా కొంత మిగిలుంది. పెద్ద కచేరీలకు చాలదు, పొద్దున్నే గుడిలో కుర్చీలో కూర్చుని భూపాల రాగం ఊదడానికి చాలు. కాని గుడి కమిటీ పెద్ద ఒప్పుకోవడం లేదు.

"ఊదకూడదని కాయితంలో రాసున్నాది గదా. దేవుడి ముందర నీకేటైనా అయితే ఎవుడు జవాబు సెప్తాడు? ఊదొచ్చని ఆ ఆస్పత్రోళ్ళ సేతే రాయించుకురా" అన్నాడు.

కొత్త డాక్టరమ్మ నోటితో ఊదుకోమంది. రాసివ్వమంటే, వేరే ఆసుపత్రి రాసింది నేను కొట్టెయ్యలేను, వాళ్ళనే అడగండి అంది. నోటిమాటకూ రాతకూ ఉన్న తేడా ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి ఆమెతో వాదించలేదు.

కాబట్టి ఇది ఐదో ఉత్తరం అనుకోండి. రిజిస్టరు చేస్తే సంతకం పెట్టి పక్కన పడేస్తున్నారు, అందుకని ఈసారి అందరూ చదివేలా అచ్చులో రాస్తున్నాను. నేను ఊదిన రెండు నెలల్లో సిర సన్నబడితే అది నా సన్నాయి వల్ల అన్నారు. ఊదని ఐదు నెలల్లో సన్నబడింది ఎవరివల్ల? ఆ వాక్యం రాసిన చిన్న డాక్టరు ఈపాటికి పెద్ద డాక్టరు అయ్యుంటాడు. ఆయనే రాయొచ్చు, ఆయన కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవారైనా రాయొచ్చు. ఊదొచ్చు అని రాయండి, లేదా ఊదకూడదు, ఇదీ కారణం అని రాయండి. ఒక్క వాక్యం చాలు, కింద సంతకం ఉండాలి. "చూద్దాం" అని మాత్రం రాయకండి.