మధ్యాహ్నం బస్సు పంతులమ్మగారు

శనివారం సాయంత్రం మా ఊరి బస్సు నేనుంటున్న అమలాపురానికి తిరిగొచ్చాక, కండక్టరు మా గుమ్మం దాకా నడిచి వచ్చాడు.

"పంతులమ్మగారు పోయేరండి. తెల్లవారుఝామున, నిద్దట్లోనే. రేపు మధ్యాహ్నం తీసుకెళ్తారంట. మన బస్సుకే వచ్చెయ్యండి."

ఆయ్ అన్నాను.

చిన్నప్పుడు ఊరి బడిలో నాకు చదువు చెప్పింది ఆమే. ఈ దారిన తిరిగే మీలో చాలామందికి మాత్రం మధ్యాహ్నం బస్సులో ముందు సీటు పెద్దావిడగానే తెలిసి ఉంటారు. ఒళ్ళో లేసు అల్లిక, పక్క సీటు మీద నల్ల గొడుగు.

ఆ బస్సు మా ఊరికి ఊరికే రాలేదు. బస్సు లేని రోజుల్లో ఆమె తన ఒక్కగానొక్క కూతుర్ని పురిటి నొప్పులతో ఎడ్లబండి మీద అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పిల్ల దారిలోనే పోయింది. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పారు.

"అమ్మా, ఇంకెంత దూరం అని అడుగుతూనే ఉంది. దగ్గరికొచ్చేశాం తల్లీ అని అబద్ధం చెప్పేను. ఆ మాట నిజం చెయ్యాలమ్మా నేను."

రిటైరయ్యాక అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏళ్ళు పట్టింది. చివరికి బస్సు వచ్చింది. పొద్దుటిదీ సాయంత్రందీ నిండేవి. మధ్యాహ్నం బస్సులో మనిషి ఉండేవాడు కాదు. దాన్ని ఆపేస్తారని తెలిసి ఆమె డిపోకి వెళ్ళారు. నేను తోడు వెళ్ళాను.

"జనం లేని బస్సు దండగ కదండీ," అన్నారు అక్కడి పెద్దాయన.

"ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందని తీసి పారేస్తారా బాబూ?"

ఆయన మూడు నెలలు చూద్దామన్నారు.

ఆ మూడు నెలలూ ఆమె రోజూ ఆ బస్సెక్కి వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చారు. తర్వాత కూడా మానలేదు. ఎక్కడికండీ అని అడిగితే, "ఎక్కడికీ లేదు. బస్సుకి తోడెళ్తున్నాను," అనేవారు. పదిమంది బస్సెక్కుతారని, ఆడవాళ్ళ బుధవారం ప్రార్థన పక్కూరికి మార్పించారు.

టీకొట్టాయన ఊరుకునేవాడు కాదు. "ఏవండీ పంతులమ్మగారూ, బస్సుకి బాప్తిస్మం ఎప్పుడిప్పిస్తారు?"

"మనమెందుకండీ ఇప్పించడం? వానాకాలం మన రోడ్డే రోజూ ముంచి తీస్తోందిగా!"

మెల్లగా ఆ బస్సు జనానికి అలవాటైంది. మా ఆఖరి చెల్లి అందులోనే నర్సు ట్రైనింగుకి వెళ్ళింది. నిండు నెలల మనిషి ఎక్కితే పంతులమ్మగారు గొడుగు తీసి ఆ సీటిచ్చేవారు. గొడుగు అక్కడ పెట్టేది అందుకేనని నాకు చాలాకాలం తెలియలేదు.

పట్నాల్లో బస్సులకి ఇంకా సొమ్ము పెట్టడం అవసరమా, రోడ్లు వెడల్పు చేస్తే చాలదా అని పేపర్లో రాస్తున్నారు. చదివినప్పుడల్లా ఆమె మాటే గుర్తొస్తుంది. "బండున్నవాళ్ళకి రోడ్డు చాలమ్మా. లేనివాళ్ళకి బస్సు కూడా వెయ్యాలి."

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బస్సే ఎక్కాను. దారిలో ఆలస్యమైంది. బడి మలుపు తిరిగేసరికి, కాలవగట్టు మీద మా ముందు ఆమె శవపెట్టె మోసుకెళ్తున్నారు. సమాధుల తోట ఇంకా దూరం. గట్టు మీద తప్పుకునే చోటు లేదు. డ్రైవరు హారను కొట్టలేదు.

ముందు ఓ ముసలమ్మ దిగింది. తర్వాత మేమంతా దిగాం. చివర్న కండక్టరు. పెట్టె వెనకాల పాట అందుకుని నడిచాం.

కొంత దూరం పోయాక వెనక్కి చూశాను. ఆమె ఇన్నేళ్ళూ ఖాళీగా పోనివ్వని బస్సు, డ్రైవరు తప్ప లోపల ఒక్క మనిషీ లేకుండా, మా నడకంత నెమ్మదిగా ఆమెకి తోడొస్తోంది.