అల్లుడుగారి పేరు చెక్కిన గ్రైండరు

పిల్లలూ, మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి అడిగారు, "అమ్మమ్మా, పిన్నికి విడాకులయ్యాయి కదా, మరి సామానంతా సగం సగం కోసేశారా?" అని. పుణే నుంచి ఒకరూ, గువాహటి నుంచి ఒకరూ, సరిగ్గా నా పప్పు మాడుతున్నప్పుడే. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, పొయ్యి కట్టేశాను.

మీ పిన్ని, అంటే మా చెల్లెలి కూతురు, ఆరేళ్లు కాపురం చేసింది. ఆ సంబంధం తెచ్చింది నేనే. అందుకే విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నాక, సామాన్ల పంపకం కూడా నా నెత్తినే పెట్టారు. వాళ్లు కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. ఒకరితో ఒకరికి మాటలు అయిపోయాయి, అంతే. కోటవురట్లలో వాళ్లున్న ఇల్లు అతని తల్లిది, దాని జోలికి ఎవరూ పోలేదు. మీ పిన్ని అడిగింది ఒక్కటే, వాళ్ల నాన్న సారెలో ఇచ్చిన గ్రైండరు. దాంట్లో దోశల పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. నర్సీపట్నంలో మా దగ్గరికి వచ్చేశాక తన కాళ్ల మీద తను నిలబడాలంటే ఆ గ్రైండరు ఉండాలి.

లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్న పిల్ల, మీ వయసే ఉంటుంది.

"మన దగ్గర అన్నీ చెరిసగం చేసే చట్టం లేదమ్మమ్మగారూ," అంది. "అమ్మాయికి ఇచ్చినవి అమ్మాయివే. ఆయన కొనుక్కున్నవి ఆయనవి. పెళ్లిలో ఇద్దరికీ కలిపి ఇచ్చినవాటి సంగతే కోర్టు చూస్తుంది. మీరే కూర్చుని లిస్టు రాసుకుని, ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తే బేగి తేలిపోతుంది. లేదంటే సాక్షులు, వాయిదాలు."

ఆ మాటలు పూర్తిగా బుర్రకెక్కకముందే నాకొక ఆలోచన వచ్చింది. పెళ్లి సామాన్ల మీద పేర్లు చెక్కిస్తాం కదా. ఎవరి పేరుంటే వాళ్లది! రెండువైపులా ఫోన్ చేసి చెప్పాను. అందరూ భలే అన్నారు. ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం అందరం కోటవురట్ల వెళ్లాం. అటక మీద సామానంతా దించి చాపల మీద పరిచారు. నేను కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బిందె, అల్లుడి పేరు. బియ్యం డబ్బా, అల్లుడి పేరు. పళ్లేలు, పన్నెండింటి మీదా అల్లుడి పేరు. ఇవన్నీ మేమిచ్చిన సారె సామాన్లే! నా మరిది, అంటే మీ పిన్ని తండ్రి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏటిది మరిదిగారూ?" అన్నాను మెల్లగా.

"కొట్టువోడు ఏ పేరు కొట్టమంటారని అడిగాడు వదినగారూ. అమ్మాయి పేరెడితే అల్లుడుగారు సిన్నబుచ్చుకుంటారేమో అని..."

"అన్నిటి మీదా?"

"గరిటెల మీద కూడానండి. కాడ సాలక సగం పేరే పట్టింది."

చివరికి గ్రైండరు దగ్గరికి వచ్చాం. దాని స్టీలు డ్రమ్ము మీద అతని పేరు ఇంటిపేరుతో సహా ఉంది, చివర 'గారు' కూడా. చుట్టూ పూలతీగ ఒకటి.

"నీ రూలు తగలెయ్య, పెద్దమ్మా!" అంది మీ పిన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి పాపం.

అతని తల్లి మాత్రం నడుముకు కొంగు బిగించింది. "సూడండి వదినగారూ, మావోడి పేరే కదా. రూలెట్టింది మీరే. ఇది మాదే."

"అమ్మా, నానెప్పుడైనా పిండి రుబ్బేనా?" అన్నాడు అతను.

"రుబ్బనేదు. ఇప్పుడు నేర్సుకుంటావు."

ఇక చేసేదేముంది, మిగిలిన సగం చదివాను. అవి వాళ్లవైపు చుట్టాలు ఇచ్చినవి. వాళ్లందరూ కొత్త కోడలు సంతోషిస్తుందని మీ పిన్ని పేరు చెక్కించారు! మా రూలు ప్రకారం వాళ్ల చుట్టాలిచ్చినవి మాకూ, మేమిచ్చినవి వాళ్లకూ. ఇంత చక్కని తలకిందుల పంపకం ఏ కోర్టూ చేసి ఉండదు.

ఆఖరున స్నానాల గదిలోంచి రాగి గుండిగ తెచ్చారు, వేడినీళ్లు కాచేది. దాని మీదా మీ పిన్ని పేరే. పెళ్లైన వారంలో అత్తగారే ముచ్చటపడి చెక్కించిందట. నేను గొంతు పెంచకుండానే చదివాను.

ఆవిడ చటుక్కున లేచింది. "అది మా అత్తగారిది! ఆవిడకి ఆవిడ అత్తగారు ఇచ్చినాది! పేరు సెక్కించినంత మాత్రాన ఇంకోళ్లదైపోద్దేటి?"

అందరి చూపూ నెమ్మదిగా గ్రైండరు వైపు తిరిగింది. ఆవిడ చూపు కూడా తిరిగింది. కాసేపు అక్కడే ఆగింది.

"వదినగారూ, టీ తాగుతారా?" అంది.

టీ తాగాక లిస్టు రాశాం, పేర్లు చూసి కాదు, ఎవరు ఎవరికి ఇచ్చారో చూసి. లాయరమ్మ అది చదివి, "నేను మొదట చెప్పింది ఇదే కదండీ," అంది. అవును మరి. కోర్టులో జడ్జిగారు ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా అని అడుగుతుంటే, ప్రశ్న పూర్తి కాకుండానే మీ పిన్ని "గ్రైండరుందండి, ఇష్టమేనండి" అనేసింది.

గ్రైండరు తెచ్చిన రోజు ఇంకో తమాషా. రెండువైపులా మనుషులు పట్టుకోకపోతే ఎక్కించనన్నాడు ఆటో అతను. దాంతో విడాకులైన ఇద్దరూ గ్రైండరును మధ్యలో పెట్టుకుని, కోటవురట్ల నుంచి నర్సీపట్నం దాకా గోతి వచ్చినప్పుడల్లా "సరిగ్గా పట్టుకో", "నువ్వు పట్టుకో" అనుకుంటూ వచ్చారు. ఆరేళ్లలో అంత మాట్లాడుకోవడం నేను చూడలేదు.

మా వంటగదిలో దించి, అతనే ప్లగ్గు పెట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "బెల్టు లూజైంది. ఎక్కువ పొయ్యకు."

"నాకు తెల్దేటి? ఇన్నేళ్లూ రుబ్బినాదెవరు?"

"నువ్వే," అన్నాడు.

మీ పిన్ని, నేను పొద్దున్నే నానబెట్టిన మినప్పప్పు తెచ్చి గ్రైండర్లో పోసింది. విడాకులకు గారెలు వండిన ఇల్లు ఈ ఊళ్లో మాదొక్కటే అయ్యుంటుంది. అతనూ కూర్చుని తిన్నాడు. ఆరు తిన్నాడని నేనన్నాను, కాదు ఏడని మీ పిన్ని.