రెండుసార్లు లాగితే

హిందూపురం కాలేజీ కబడ్డీ జట్టులో సలాం ఎడమ మూలన నిలబడేవాడు. ఏడుగురిలోనూ మూలవాడి పనే కష్టం. కూతకు వచ్చినవాణ్ణి గీత దగ్గర ముట్టుకోకూడదు. లోపలికి, ఇంకా లోపలికి రానివ్వాలి. వాడు తిరిగిపోయే దారి ఎప్పుడు మూయాలో మూలవాడే పక్కవాడికి చెప్పాలి. నోటితో చెబితే కూతవాడికీ వినపడుతుంది. అందుకని చేతితో చెప్పాలి. ఇద్దరూ చేతులు పట్టుకునే నిలబడతారు.

ఆ చేతి గుర్తు సలాం ధర్మవరం నుంచి తెచ్చుకున్నాడు. వాళ్ల నాయన ఖాజాసాబ్ రోజూ పొద్దున్నే వీధి పొడుగునా పట్టు పడుగు, అంటే చీర నిలువు పోగులు, సాగదీసే పనికి పోయేవాడు. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. మాట అందదు. రెండుసార్లు లాగితే కదలమని. ఒక్కసారి లాగితే చాలని, బిగువు సరిపోయిందని. సలాం పదేళ్ల వయసు నుంచి ఈ కొసన నిలబడినవాడే. పోగు వదులైతే తలకు తెలియకముందే చెయ్యి రెండుసార్లు లాగి బిగువు తీసుకునేది.

"ఏమబ్బా, చీర నేసేకి వచ్చినారా, ఆట ఆడేకి వచ్చినారా?" అని పీడీ సారు మొదట్లో ఎగతాళి చేశాడు. వరుసగా ఆరు మ్యాచులు గెలిచాక, మిగతావాళ్లకూ నేర్పించమని ఆయనే అడిగాడు.

సలాం చెయ్యి పట్టుకుని నిలబడేవాడు పౌలు. బత్తలపల్లి పిల్లవాడు. ఏ పనైనా నిదానం. హాస్టల్లో అందరూ తిని చెయ్యి కడుక్కున్నాక కూడా పౌలు కంచంలో సగం సంగటి ముద్ద మిగిలి ఉండేది. "నీ పక్కన నిలబడితే నాకు తలకాయ అక్కర్లేదురా. చెయ్యుంటే చాలు" అని సలాంతో అనేవాడు.

1976 డిసెంబరులో పెనుకొండలో కాలేజీల టోర్నమెంటు జరిగింది. మిట్టమధ్యాహ్నం. కూతకు వచ్చినవాడు ఇంకా గీత దగ్గరే ఊగుతున్నాడు. పట్టే సమయం కాదని సలాంకు తెలుసు. అంతలో చెమటకు పౌలు చెయ్యి జారి వదులైంది. సలాం చెయ్యి దానంతటదే రెండుసార్లు లాగింది.

పౌలు దూకాడు, ఒక్కడే. కూతవాడి మోకాలు వచ్చి మెడకు తగిలింది. మూడో రోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

"తొందరపడినాడు పాపం" అన్నాడు పీడీ సారు. అందరూ అదే మాట అన్నారు. సలాం తల వంచుకుని విన్నాడు.

నెల తర్వాత పౌలు చోట్లో నల్లప్పను నిలబెట్టారు. మొదటి కూత. అవతలివాడు ఇంకా గీత దాటనేలేదు. సలాం కుడిచేతిని ఎవరో రెండుసార్లు లాగారు.

"ఎందుకు లాగినావు?" అన్నాడు సలాం, కూత అయిపోయాక.

"నేనా? లాగేది నీ పని గదప్పా!" అన్నాడు నల్లప్ప.

రెండో కూతలో మళ్లీ లాగింది. ఈసారి సలాం ఆలోచించకుండా వంగి నేలమీదికి చేతులు చాచాడు. కూతవాడి కాలు దానంతటదే వచ్చి ఆ చేతుల్లో పడింది.

రెండేళ్లు అది ఒక్కసారీ తప్పలేదు. "సలాం చేతికి కండ్లుండాయి" అనేవాళ్లు ఆట చూసినవాళ్లు. పక్కన ఎవరిని నిలబెట్టినా, లాగేటప్పుడు మాత్రం అది చెమటతో తడిసిన చెయ్యే, జారిపోతున్న చెయ్యే. చలికాలం పొద్దున కూడా అంతే. ఆట అయ్యాక సలాం అరచెయ్యి చొక్కాకు తుడుచుకునేవాడు. చొక్కాకు తడి అంటేది కాదు.

1979లో ఆట మానేశాడు. కాలేజీలోనే గ్రౌండు చూసుకునే పని దొరికింది. నీళ్లు చల్లడం, సున్నంతో గీతలు గీయడం, కొత్తవాళ్లకు పట్టు నేర్పడం. "కండ్లు చూడొద్దురా, కండ్లు అబద్ధం చెప్తాయి. మోకాలు చూడు. ఏది బిగిస్తే ఆ పక్కకు పోతాడు" అని చెప్పేవాడు. చేతులు పట్టుకోవడం ఒక్కటి ఒప్పుకునేవాడు కాదు.

"మరి ఎట్ల తెలుస్తాది అన్నా?"

"గట్టిగా అరువు."

అరిస్తే కూతవాడికీ తెలిసేది. కాలేజీ ఏడాదికేడాది ఓడిపోయింది. సలాం మాత్రం మాట మార్చలేదు. పెండ్లయ్యాక భార్య షంషాద్‌బీ చెయ్యి పట్టుకున్నా ఉలిక్కిపడి విదిలించుకునేవాడు.

1986 ఎండాకాలంలో ఒక పొద్దున సలాం గీతలు గీస్తుంటే ఒక ముసలామె గ్రౌండు దాటుకుని వచ్చింది. పౌలు తల్లి రూతమ్మ.

"పౌలు పక్కన నిలబడినోడివి నువ్వే గదా నాయనా?"

"నేనేనమ్మా."

"పదేండ్లాయ. ఇప్పటికీ మా ఊర్లో ఎవురన్నా పరుగెత్తితే, పౌలు మాదిరి తొందరపడి సస్తావు అంటారు. వాడు తొందరపడే బిడ్డా? నా కడుపులో నుంచే పది దినాలు ఆలస్యంగా వచ్చినాడు. నేను సచ్చేలోపల తెలుసుకోవల్ల. ఆడ ఏం జరిగింది?"

ఈ ప్రశ్నకు సలాం దగ్గర పదేళ్లుగా జవాబు సిద్ధంగా ఉంది. "ఆటమ్మా. ఆటలో ఒక్కోసారి..." అని మొదలుపెట్టాడు.

సున్నం అంటిన చేతిని ఎవరో రెండుసార్లు లాగారు. పక్కన ఎవరూ లేరు.

తలెత్తి చూస్తే, రూతమ్మ తన అరచేతిని రుద్దుకుంటోంది. "ఇదో, మళ్లా" అంది. "వాడు పోయినప్పట్నుంచి ఇంతే. రెండుసార్లు లాగుతాది. డాక్టరు నరమన్నాడు, సూది ఏసినాడు. పోలేదు."

సలాం ఆమె ముందు నేలమీద కూర్చుండిపోయాడు. ధర్మవరం వీధి నుంచి మొదలుపెట్టి, చెమటకు చెయ్యి జారడం దాకా అంతా చెప్పాడు. "వాడు తొందరపడలేదమ్మా. నా చెయ్యి తప్పు చేసింది. వాడు అది చెప్పినట్టు చేసినాడు."

రూతమ్మ సున్నం గీతలకేసి చూసింది.

"ఈ మాట మా ఊర్లో చెప్తావా?" అంది.

మధ్యాహ్నం బండికి ఇద్దరూ ఎక్కారు. పెనుకొండలో బండి ఆగినప్పుడు ఇద్దరిలో ఎవరూ కిటికీ వైపు తిరగలేదు. ధర్మవరంలో దిగి బస్సు పట్టుకున్నారు.

బత్తలపల్లి కూడలిలో, టీ అంగడి ముందర, పదిహేనుమంది దాకా ఉన్నారు. రూతమ్మ సలాం చెయ్యి పట్టుకుని వాళ్ల మధ్యకు తీసుకుపోయింది. సలాం విదిలించుకోలేదు. అంతా మళ్లీ చెప్పాడు.

"పదేండ్లకు గుర్తొచ్చిందేమప్పా?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న పుల్లన్న.

"గుర్తు లేక కాదు" అన్నాడు సలాం. "భయంతో చెప్పలేదు."

టీ కాచేవాడు పొయ్యి తగ్గించాడు. అప్పుడు సలాం, రూతమ్మ పట్టుకుని ఉన్న చేతుల్ని ఏదో లాగింది. ఒక్కసారే.

రూతమ్మ సలాం ముఖంలోకి చూసింది. "ఒగసారే లాగినాడు. ఇన్నేండ్లలో ఎప్పుడూ లేదు. ఏమంటాడు?"

"చాలంటున్నాడమ్మా."

వాళ్లిద్దరూ ఇంకా చేతులు వదల్లేదు. మధ్యలో నుంచి తడిగా ఉన్నదేదో ముందుగా వదిలి పోయింది. సలాం వేళ్లకు రూతమ్మ చెయ్యి తగిలింది. కాయలు కాసిన చెయ్యి. పొడిగా ఉంది.